ముందు తోడు, తరువాతే కెమెరా

(రాయ్‌పూర్‌లోని మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాలు ఈ ఏడాది ఉగాదికి కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

రేపు మార్చి 31. క్లోజింగ్ పెట్టుకుని కూడా ఇంతమంది వచ్చారంటే అది పులిహోర మహిమే కానీ నా ప్రసంగం కోసం కాదని నాకు తెలుసు.

"ఖాళీ సమయంలో మీరేం చేస్తారో ఒక అరగంట చెప్పండి" అన్నారు నిర్వాహకులు. సముద్రంలో దిగి చేపల ఫోటోలు తీస్తానంటే ఒకాయన నవ్వారు. "రాయ్‌పూర్‌లో సముద్రం ఎక్కడుందండీ?" అని అడిగారు. ఎందుకు లేదు? తెలీబంధా చెరువు గట్టును ఊరంతా 'మెరీన్ డ్రైవ్' అనే కదా పిలుస్తోంది! సరదాకి అన్నాను గానీ, మనం మరీ అంత దూరంలో ఏమీ లేము. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే పొద్దున విశాఖలో లేస్తాం. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందేభారత్ కూడా ఉంది. ఉదయం ఇక్కడ టిఫిన్ చేసి బయల్దేరినవారు మధ్యాహ్నానికి బీచ్ రోడ్డులో ఉండొచ్చు.

నాకీ పిచ్చి పట్టుకున్నది ఎల్‌ఎఫ్‌సీ వల్ల. కొన్నేళ్ల కిందట కుటుంబంతో అండమాన్ వెళ్లాం. హేవ్‌లాక్ అనే దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. అక్కడ ఈత రానివాళ్లను కూడా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని కొన్ని మీటర్ల లోతుకు తీసుకెళ్లి చూపిస్తారు. ముందు మా అమ్మాయి దిగింది. ఆమె ముందు పరువు పోతుందని నేనూ దిగాను. నీళ్లలో మొదటిసారి ఊపిరి పీల్చినప్పుడు, ఇది కుదిరే పని కాదని శరీరం మొరాయిస్తుంది. రెండోసారీ అంతే. పదోసారికి ఒప్పుకుంటుంది. అప్పుడు కళ్లు తెరిచి చూశాను. గడ్డిపువ్వులా కదులుతున్న ఎనిమోన్ చేతుల మధ్య నారింజ రంగు క్లౌన్‌ఫిష్ ఒకటి నన్ను తరిమేయడానికి ముందుకొచ్చింది. నా బొటనవేలంత లేదు. ఇల్లు తనదన్న ధీమా మాత్రం బోలెడంత.

తిరిగొచ్చాక నిజంగా నేర్చుకోవాలనిపించింది. కోర్సు చేయాలంటే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలాలి. నాకు ఈత రాదు. నలభయ్యో పడిలో ఆదివారం పొద్దున్నే ఈతకొలనుకు వెళ్లి ఎనిమిదేళ్ల పిల్లల బ్యాచ్‌లో చేరాను. ఆ పిల్లల్లో ఒకడు మా బ్రాంచి ఖాతాదారు కొడుకు. "అంకుల్, కాళ్లు కొట్టండి" అని వాడు గట్టు మీంచి అరిచేవాడు. ఆరు నెలలు పట్టింది. మరుసటి శీతాకాలం మా అమ్మాయి, నేను కలిసి కోర్సు పూర్తిచేశాం. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

స్కూబా అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అనుకుంటారు చాలామంది. కాదు. మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలినే సుమారు 200 బార్ల ఒత్తిడితో అందులో నింపుతారు. ఎంత లోతులో ఉంటే అక్కడి ఒత్తిడికి తగినట్టు, పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చే పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకరు నౌకాదళ అధికారి, మరొకరు ఇంజనీరు. ఈ హాబీ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పది మీటర్ల లోతులో నింపిన బుడగను పైకి తెస్తే రెట్టింపవుతుంది. మన ఊపిరితిత్తులూ బుడగలాంటివే. అందుకే మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. రెండోది: పైకి నెమ్మదిగా రావాలి, నిమిషానికి 9 మీటర్లు మించకూడదు. వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మంచిది. ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని సోడా సీసా మూత తీసినట్టు బుస్సున పొంగకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. మూడోది: సిలిండర్‌లో 50 బార్లు మిగిలి ఉండగానే పడవ చేరాలి. మినిమం బ్యాలెన్స్ అన్నమాట. ఇక్కడ అది తగ్గితే పెనాల్టీతో పోదు.

ఇక ఫోటోల సంగతి. నా మొదటి ఫోటోలు చూసి మా ఆవిడ, "అన్నీ నీలిమందులో ముంచినట్టున్నాయేంటి?" అంది. నిజమే. నీరు వెలుగులోని ఎరుపును ముందుగా మింగేస్తుంది. ఐదారు మీటర్లకే ఎరుపు మసకబారుతుంది, తరువాత నారింజ, ఆ తరువాత పసుపు. ఎర్రటి చేప అక్కడ బూడిద రంగులో కనిపిస్తుంది. దాని రంగు దానికి రావాలంటే మన వెంట లైటు తీసుకెళ్లాలి. దూరం నుంచి లైటు వేస్తే నీళ్లలోని నలుసులన్నీ మెరుస్తాయి, పొగమంచులో కారు హెడ్‌లైట్లు వేసినట్టు. కాబట్టి లైటును పక్క నుంచి వేయాలి, చేపకు దగ్గరగా వెళ్లాలి, కదలకుండా ఉండాలి, ఓపిక పట్టాలి. 1893లో లూయీ బూటాన్ అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త బరువైన పెట్టెలో కెమెరా పెట్టుకుని సముద్రం అడుగున ఫోటోలు తీశాడు. ఆయన కష్టంతో పోలిస్తే మనది విలాసమే. అరచేతిలో పట్టే కెమెరా, దానికో ప్లాస్టిక్ కవచం చాలు. కవచం మూతకు రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క తలవెంట్రుక పడినా నీరు లోపలికొచ్చి కెమెరా పోతుంది. నాకు ఒకటి అలాగే పోయింది.

ఇంకో తమాషా ఉంది. మాస్కు లోంచి చూస్తే నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. ఎవరైనా డైవర్ "ఇంత పెద్ద చేపను చూశాను" అని చేతులు చాపితే, కొంచెం తగ్గించుకుని వినండి.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను.

మన బ్యాంకులో స్ట్రాంగ్‌రూము తాళాలు ఒకరి దగ్గరే ఉండవు. ఇద్దరు వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. డైవింగ్‌లోనూ అంతే. ఒంటరిగా దిగకూడదు. ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉంటారు. దిగేముందు ఒకరి పరికరాలు ఒకరు తనిఖీ చేయాలి. ఒకరి గాలి అయిపోతే రెండోవారు తమ సిలిండర్‌కు ఉన్న అదనపు గొట్టం ఇవ్వాలి. అందుకని ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండాలి. నా తోడు మా అమ్మాయి.

కోర్సు అయ్యాక మూడో డైవ్. గైడ్ ముందు, మేం నలుగురం వెనక. 14 మీటర్ల లోతు. ఒక పగడపు దిబ్బ కింద లయన్‌ఫిష్ కనిపించింది. చారల చీర కట్టుకుని, విసనకర్రలు విప్పినట్టు రెక్కలు చాచి నిలబడింది. ఆ ముళ్లలో విషం ఉంటుంది, అందుకే అది ఎవరికీ భయపడి పారిపోదు. ఫోటోగ్రాఫరుకు అంతకంటే ఏం కావాలి? లైటు సర్దుకుని మోకాలెత్తు దూరంలో నిలబడ్డాను. టక్, టక్, టక్ అని ఎక్కడో సిలిండర్ మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళుతుంది, అది ఏ వైపు నుంచి వస్తోందో చెవికి తెలియదు. ఎవరో ఇంకో చేపను చూపిస్తున్నారులే అనుకున్నాను. మళ్లీ టక్, టక్. మరో ఫోటో తీశాను.

తల తిప్పి చూసేసరికి మా అమ్మాయి లేదు.

నియమం ప్రకారం ఒక నిమిషం చుట్టూ వెతకాలి, కనిపించకపోతే పైకి రావాలి. వెతికాను. నీలం తప్ప ఏమీ లేదు. పైకి బయల్దేరాను. 14 మీటర్లు రావడానికి నిమిషంన్నర పడుతుంది. ఎంత భయం వేసినా ఆ నిమిషంన్నరను తగ్గించకూడదు. నా చేతిలో చేయడానికి ఏమీ లేదు, ఊపిరి వదులుతూ పీలుస్తూ నెమ్మదిగా లేవడం తప్ప. ముప్పై మార్చి నెలల క్లోజింగ్‌లు కలిపినా నాకు అంత పొడవుగా అనిపించవు.

పైన పడవ పక్కన గైడ్ ఉన్నాడు, మా అమ్మాయి ఉంది. క్షేమంగానే ఉంది. జరిగింది ఇదీ. మాస్కు పట్టీ జారి లోపలికి నీళ్లు వచ్చాయి. నీళ్లు ఊదేయడం నేర్చుకున్నదే, కానీ ఉప్పునీరు కళ్లలో పడి కంగారుపడింది. నా వీపు ఆమెకు రెండు మీటర్ల దూరంలోనే ఉంది. సిలిండర్ మీద కొట్టి నన్ను పిలిచింది. నేను తిరగలేదు. గైడ్ చూసి చేయి పట్టుకుని పైకి తెచ్చాడు.

పడవలో ఆమె ఒక్క మాట అనలేదు. రాత్రి గదిలో కెమెరా తీసుకుని ఫోటోలన్నీ చూసింది. లయన్‌ఫిష్‌వి ఇరవై మూడు ఉన్నాయి. "బాగా వచ్చాయి నాన్నా. నువ్వు వెనక్కి చూస్తావనుకున్నా" అంది. అంతే.

ప్రతి డైవ్ తరువాత లాగ్‌బుక్ రాయాలి. లోతు, సమయం, గాలి, ఏం జరిగిందన్నది. కింద తోడు సంతకం చేయాలి. ఇరవై ఏళ్ల ఆఫీసు అలవాటు కదా, నేను ఇలా రాశాను: "డైవ్ మధ్యలో తోడు నుంచి విడిపోవడం జరిగినది. నియమానుసారం పైకి వచ్చితిమి." మనం వివరణ పత్రాల్లో రాస్తామే, 'పొరపాటు దొర్లినది' అని? పొరపాటు దానంతటదే దొర్లుకుంటూ వచ్చినట్టు! సంతకం కోసం పుస్తకం ఆమెకిచ్చాను. చదివి తిరిగి ఇచ్చేసింది.

"విడిపోవడం జరగలేదు నాన్నా. నువ్వు చూడలేదు. అలా రాస్తే సంతకం పెడతా."

నేను మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ చేశాను. రిస్క్ మేనేజ్‌మెంట్ మీద ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు కూడా చెప్పాను. నా రిపోర్టును ఇంత సూటిగా వెనక్కి పంపిన ఇన్‌స్పెక్టరును మాత్రం చూడలేదు. ఆ వాక్యం కొట్టేసి, "నేను ఫోటో తీస్తూ నా తోడును చూడలేదు. ఆమె రెండుసార్లు పిలిచింది" అని రాశాను. సంతకం పెట్టింది. ఆ పేజీ ఇప్పటికీ ప్రతి ప్రయాణంలోనూ నా సంచిలోనే ఉంటుంది.

అప్పుడు మా ఆవిడ కూడా మెల్లగా ఒక మాట అంది. "ఇంట్లో మేం పిలిచినా నువ్వు 'ఊఁ' అంటావు కానీ ఫోన్ లోంచి తల ఎత్తవు. నీళ్లలో కొత్తగా ఏం జరగలేదు." దీనికి నా దగ్గర వివరణ పత్రం లేదు.

తరువాత మేం మానేయలేదు. రెండు పద్ధతులు పెట్టుకున్నాం. మూడు ఫోటోలు తీశాక కెమెరా దించి తోడు వైపు చూడాలి. ఆమె బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి 'బాగున్నా' అని చూపిస్తేనే నాలుగోది. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి, నీళ్లలో బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం! రెండో పద్ధతి, ఎక్కడ టక్ టక్ వినిపించినా అది నాకే అనుకుని తిరగడం.

ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు విశాఖ వెళతాం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండ తీరంలోనే డైవింగ్ నేర్పేవాళ్లున్నారు. అక్కడి నీరు అండమాన్ అంత తేటగా ఉండదు. ఒక్కోసారి కొన్ని మీటర్లకు మించి కనిపించదు. కానీ మాకు అదే మేలు చేసింది. పక్కపక్కనే ఉండక తప్పదు. మీలో చాలామంది "గాజీని చూశారా?" అని అడుగుతారు. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన ఆ జలాంతర్గామి మనలాంటి అమెచ్యూర్లకు అందే లోతులో లేదు. పైగా అది అందులోని నావికుల సమాధి. ఆ యుద్ధం గురించి తెలుసుకోవాలంటే బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉంది, పిల్లలకు తప్పక చూపించండి.

ఆసక్తి ఉన్నవారికి కొన్ని సూచనలు. పదేళ్లు నిండిన పిల్లలు జూనియర్ కోర్సు చేయవచ్చు. ఆస్తమా, గుండె, చెవి సమస్యలు ఉంటే ఫారంలో దాచకండి. కేవైసీలో అబద్ధం రాస్తే మనకు కోపం వస్తుందిగా, ఇది అంతకంటే పెద్ద విషయం, ముందు డాక్టరును అడగండి. జలుబు ఉన్నప్పుడు దిగకండి. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, తిరుగు టికెట్టు ఆ లెక్కన తీసుకోండి. అండమాన్, విశాఖ కాక పుదుచ్చేరి, లక్షదీవులు, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి ఉన్నాయి. కొత్తలో కెమెరా తీసుకెళ్లకండి. మీ కాళ్లూ చేతులూ మీ అదుపులోకి వచ్చాకే అది. పగడపు దిబ్బను రాయి అనుకుని పట్టుకోకండి, అవన్నీ బతికున్న జీవులు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చనిపోయాయి. మిగిలినవి మన చేతుల్లో పోకూడదు.

చివరిగా తెర మీద ఒక ఫోటో వేస్తున్నాను. మొన్న జనవరిలో రుషికొండ దగ్గర తీసింది. లైటు సరిగ్గా పడలేదు, నలుసులు మెరుస్తున్నాయి, పోటీకి పంపితే మొదటి రౌండులోనే తీసేస్తారు. ఆకుపచ్చ నీళ్లలో ఒక అమ్మాయి వేళ్లు కలిపి సున్నా చుట్టి చూపిస్తోంది. నా దగ్గరున్న ఫోటోల్లో లాగ్‌బుక్ సంతకం లేకుండానే తోడు ఆమోదించినది ఇదొక్కటే.

రేపు క్లోజింగ్ ముగిశాక, ఎంత రాత్రయినా, ఇంటికి వెళ్లి ఫోన్ పక్కన పెట్టి ఒకసారి తల తిప్పి చూడండి. ఎవరైనా టక్ టక్ మంటున్నారేమో. పులిహోర చల్లారిపోతోంది, పదండి.