బ్రేక్ కాదు, ఫుల్ పవర్! నడిసముద్రంలో జెట్ ఎలా దిగుతుంది?

మాది ముదినేపల్లి. మొన్న బందరు వెళ్లి మంగినపూడి బీచ్‌లో కూర్చున్నప్పుడు మా తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, ఓడ మీద జెట్ ఎలా ఆగుద్ది? బ్రేకులు అంత గట్టివా?"

అసలు సంగతి బ్రేకుల్లో లేదు. విమానం తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. డెక్ మీద అడ్డంగా ఉక్కు తాళ్లు ఉంటాయి. మన ఐఎన్ఎస్ విక్రమాదిత్య మీదైతే మూడు. గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చి, కొక్కెంతో వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. దొరికిందా, మూడు సెకన్లలోపే, సుమారు 90 మీటర్లలో ఆగిపోతుంది.

నాకు మతిపోయింది ఎక్కడంటే, చక్రాలు డెక్‌కి తగలగానే పైలట్ ఇంజన్ తగ్గించడు. ఫుల్ పవర్ ఇస్తాడు! ఎందుకంటే తాడు అందకపోతే ముందున్నది సముద్రమే. ఆ పవర్‌తోనే మళ్లీ గాల్లోకి లేచి, చుట్టు తిరిగి రావాలి. దీన్ని బోల్టర్ అంటారు. కృష్ణ దాటడానికి బల్లకట్టు మీదకి బండి ఎక్కిస్తే మన కాలు బ్రేక్ మీదే ఉంటుంది కదా. అతనిది పూర్తిగా రివర్స్.

ఇంకోటి, ఓడ కూడా ఆగి ఉండదు. గాలికి ఎదురుగా పోతుంటుంది. ఓడ ఎంత వేగంగా పోతే, దిగే విమానానికీ డెక్‌కీ మధ్య వేగం తేడా అంత తగ్గుతుంది. 1971 యుద్ధంలో ఇదే పెద్ద తలనొప్పి అయింది. పాత విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగుళ్లొచ్చి, ఓడ పూర్తి వేగం అందుకోలేకపోయింది. అయినా డిసెంబర్ 4న ఇదే బంగాళాఖాతంలోంచి సీ హాక్ జెట్లు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. వెళ్లడం సగం పనే. తిరిగొచ్చి ఆ నెమ్మది ఓడ మీదే దిగాలి. నాకైతే ఆ రెండో సగమే అసలు ధైర్యం అనిపిస్తుంది.

మన తేజస్ నేవీ విమానం 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద మొదటిసారి దిగింది. నడిపింది కమడోర్ జైదీప్ మావ్లంకర్. 2023 మేలో కొత్త విక్రాంత్ మీద మిగ్-29కె రాత్రిపూట కూడా దిగింది. చీకట్లో!

అంతా విని మావాడు, "మరి కొక్కెమే విరిగితే?" అన్నాడు. అలాంటప్పుడు కొన్ని ఓడల మీద డెక్‌కి అడ్డంగా పెద్ద నైలాన్ వల ఎత్తి, విమానాన్ని అందులో పట్టేస్తారు. వల అనగానే వాడికి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. చేపల చెరువుల మధ్య పుట్టినోళ్లం కదా!