డైవ్ కంప్యూటర్ కొనేముందు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకునే చోట ఈయన సముద్రం సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరనుకోవచ్చు. కారణముంది. మన పిల్లలు, మనుమలు సెలవులకు విశాఖ రుషికొండకో, అండమాన్‌కో వెళ్లి, వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగుతున్నారు. దీన్నే స్కూబా డైవింగ్ అంటారు. మా మనుమడు అందులో శిక్షణ పొంది, "తాతయ్యా, డైవ్ కంప్యూటర్ కొనుక్కోవాలి" అన్నాడు. డబ్బిచ్చేవాడికి వస్తువేమిటో తెలియాలి గదా! నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు మీకు మనవి చేస్తాను.

మన మెట్ట ప్రాంతంలో మనం ఈత నేర్చింది బావుల్లో, మునేరులో, పాలేరులో. ఊపిరి బిగబట్టి మునిగి తేలడమే గనుక మనకీ చిక్కు లేదు. సిలిండరుతో దిగినవాడు నీటి అడుగున గాలి పీలుస్తూనే ఉంటాడు. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్. ఆ ఒత్తిడికి అది రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పోతుంది. గబాలున వస్తే గోలీసోడా కొట్టినట్టు ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు మొదలుకొని పక్షవాతం దాకా రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

ఏ లోతున ఎంతసేపు ఉండవచ్చో, ఎక్కడ ఆగుతూ పైకి రావాలో 1908లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు పట్టికలు ప్రచురించారు. ఇప్పుడు ఆ తరహా లెక్కను చేతికి కట్టుకునే యంత్రమే వేస్తున్నది.

మన ఆఫీసు భాషలో ఇది సెలవు ఖాతా వంటిది. వాడిన లోతు, కాలం రాసుకుని, ఇంకా ఎన్ని నిమిషాలు నిల్వ ఉన్నాయో చూపుతుంది. మధ్యాహ్నం మళ్లీ దిగితే, ఒంట్లో మిగిలిన ఉదయం బాకీని ముందుకు తెచ్చి కలుపుతుంది. కనుక ఒకరిది ఇంకొకరు పెట్టుకోరాదు. ఒకరి సర్వీసు రిజిస్టరు చూసి మరొకరికి సెలవు మంజూరు చేస్తామా? ఇద్దరు జంటగా దిగినా ఎవరిది వారికుండాలి.

ఇక ఎంపిక. మొదట అంకెలు పెద్దవిగా, మసక వెలుతురులోనూ చదవగలిగేట్టు ఉండాలి. రెండు, వేగంగా పైకొస్తే హెచ్చరించాలి. నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం మంచి అలవాటు. మూడు, లెక్కను మరింత జాగ్రత్తగా వేసేట్టు మార్చుకునే వీలుండాలి. నాలుగు, ఆక్సిజన్ పాలు ఎక్కువగా ఉండే నైట్రాక్స్ గాలికి కూడా పనికిరావాలి. ఐదు, బ్యాటరీ మార్చడమో, ఛార్జి చేయడమో తేలికగా ఉండాలి.

సిలిండరులో మిగిలిన గాలిని వైర్‌లెస్‌గా చూపడం, ఫోనుకు కలపడం వంటివి ఉంటే మంచిదే, లేకపోతే లోటేమీ లేదు. గాలి చూసుకునేందుకు వేరే మీటరు ఎలాగూ ఉంటుంది. తొలి శిక్షణ పొందినవారి హద్దు 18 మీటర్లు, సరదా డైవింగ్‌కు గరిష్ఠ హద్దు 40 మీటర్లు. అంతకుమించి దిగే నిపుణుల యంత్రం మన పిల్లలకెందుకు? రెండేళ్లకొకసారి దిగేవారికి అద్దెది చాలు. అయితే ఆ ప్రయాణం పొడుగునా అదే యంత్రం వారి చేతికే ఉండాలి.

ఒక్క సంగతి మరువవద్దు. ఈ యంత్రం రక్తాన్ని పరీక్షించదు, లోతును, కాలాన్ని బట్టి అంచనా వేస్తుంది, అంతే. నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం దానికి తెలియవు. అది చూపిన హద్దులో ఉన్నా పైకొచ్చాక నొప్పి, తిమ్మిరి ఉంటే దాచకుండా చెప్పి వైద్యం పొందాలి.

మా మనుమడు అండమాన్‌లో ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటి దాకా డైవింగ్, మర్నాడు ఉదయం ఏడింటికి విమానం పెట్టుకున్నాడు. లెక్క వేస్తే 16 గంటలే. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగాకే విమానమెక్కాలని నిపుణుల సలహా. "కంప్యూటర్ చూపిస్తుందిలే తాతయ్యా" అన్నాడు. "చూపిస్తుంది నాయనా, చెయ్యి పట్టుకుని ఆపదుగా!" అన్నాను. ఆ రోజు డైవింగ్ మానుకున్నాడు. ఖరీదైనది కాకుండా, అంకెలు బాగా కనిపించే మామూలుదే కొన్నాడు.

మీ ఇళ్లలో పిల్లలు బయలుదేరేటప్పుడు రెండే అడగండి: "నీ యంత్రం నీకే ఉన్నదా? విమానం ఎన్ని గంటలకు?" నీళ్లలో దిగకపోయినా ఆ మాత్రం పెద్దరికం మనం చేయవచ్చు.