బడితోట ఎవరి చెమటతో? ఎవరి పళ్లెంలోకి?

(వాడ తల్లిదండ్రుల, సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



బడితోట మాట ఎత్తగానే వాడలో తల్లులు మమ్మల్ని అడిగేది ఒకటే. "పార పట్టొద్దనే గదా సారూ పిల్లగాండ్లను బడికి తోలింది, మళ్లా మీరు పారే చేతికిస్తరా?" ఈ ప్రశ్నను కొట్టిపారేసేవాళ్లకు మన చరిత్ర తెలియదు. తరతరాలుగా దొరల పొలాల్లో వెట్టి చేసిన జనం మనం. బడికి పోయినా ఊడ్చేది, నీళ్లు మోసేది, సారు పెరడు తవ్వేది మన పిల్లలే. మేమూ ఆ బడుల్లోంచే వచ్చినం.

అందుకే విత్తనం కంటే ముందు ఒక కట్టుబాటు కావాలి. పార పడితే అన్ని కులాల పిల్లలూ పట్టాలి, ఆడా మగా తేడా లేకుండా. పటేలు కొడుకు మొక్కల పేర్లు బోర్డు మీద రాస్తుంటే మాదిగ పిల్ల పేడ తట్ట మోస్తే దాన్ని తోట అనరు, వెట్టి అంటారు. సార్లూ మట్టి ముట్టాలి. వారానికి రెండు పీరియడ్లు చాలు. గుంతలు తవ్వడం, కంప కొట్టడం పెద్దల పని.

ఇంత జాగ్రత్త పడి తోట ఎందుకంటరా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆరు నెలల నుంచి ఐదేండ్లలోపు పిల్లల్లో దేశం మొత్తం మీద నూటికి 67 మందికి రక్తం తక్కువ. తెలంగాణలో 70 మందికి. ఆ పిల్లలే రేపు మా ముందు బెంచీ మీద కూర్చుంటరు. ప్రార్థనలో కళ్లు తిరిగి పడితే "పొద్దున ఏం తిన్నవ్?" అని అడగడానికి మాకు నోరు రాదు.

మధ్యాహ్న భోజనం ఎవరి దయాధర్మం కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలైంది. వంటవాళ్లను పెట్టేటప్పుడు దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు చెప్పింది. మీ ఊరి బడిలో గరిటె ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకోండి! మన అక్క వండిందని ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలు ఇంకా ఉన్నరు. తోట పెట్టగానే ఈ అంటు పోతుందని మేం చెప్పం. సార్లు అదే బంతిలో కూర్చుని అదే అన్నం తినాలని అడగడం మాత్రం మన చేతిలో ఉంది.

లెక్క కూడా తెలిసి ఉండాలి. కేంద్రం పెట్టిన కొలత ప్రకారం ప్రాథమిక బడి పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. పై తరగతుల్లో, ఎనిమిది దాకా, 150, 30, 75 గ్రాములు. అరవై మంది ఉన్న చిన్న బడికి దినాం మూడు కిలోల కూరగాయలన్నమాట. రెండు గుంటల తోట దినాం మూడు కిలోలు కాయదు. కాబట్టి తోటలో వచ్చేది సర్కారు ఇవ్వాల్సినదానికి పైన పడాలి. "తోట ఉంది గదా" అని నీళ్లచారు పోస్తే ఊరుకోవద్దు. బడుల్లో పోషకాహార తోటలు పెట్టాలని 2019లో కేంద్రమే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని మండలం ఆఫీసులో అడగండి.

ఏం వేయాలి? దీనికి పట్నం నుంచి ఎవరూ రానక్కరలేదు. తొలకరికి తోటకూర చల్లితే నెలలోపే కోతకొస్తది. పుంటికూర, బచ్చలి, పాలకూర. కంచె మీదికి బీర, చిక్కుడు, సొర పాకించండి. మూలకు రెండు మునగ కొమ్మలు నాటండి, ఒక నిమ్మ, రెండు బొప్పాయి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పుల్లటిది తోడు కావాలి, పప్పులో నిమ్మరసం పిండేది అందుకే. పిల్లలు చేతులు, పళ్లేలు కడిగిన నీళ్లు కాలువ తీసి మడికి మళ్లిస్తే సగం నీళ్ల బాధ తీరుతది. సబ్బునీళ్లు మాత్రం వేరుగా పోనియ్యండి.

మంచి తిండి అనగానే మా పాఠాల పుస్తకాల్లో పాలు, పండ్లు, నెయ్యి బొమ్మలే. పెద్దకూర పేరెత్తితే ముక్కు మూసుకుంటరు. మన ముసలవ్వలు చేన్ల గట్ల మీద ఏరుకొచ్చే గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర ఏ పుస్తకంలో ఉన్నయి? జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లు జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు తామే దాచుకుని, విత్తకుండా మొలిచే ఆకుకూరల విలువ లోకానికి చూపించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. అటువంటి అవ్వను నెలకోసారి బడికి పిలిచి, కుర్చీ వేసి, పిల్లలకు ఆకులు గుర్తుపట్టడం నేర్పమందాం. ఆ రోజు ఆమే టీచరు.

2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం ఆడవాళ్లు ఉండాలంది, మనకు మన లెక్కన చోటు ఇవ్వాలంది. పేరు రాసి, ఇంటికి రిజిస్టరు పంపి వేలిముద్ర వేయించుకోవడం కమిటీ కాదు. తోటలో ఏం కోశారు, ఎన్ని కిలోలు, ఎవరింటికి పోయిందన్నది గోడ మీద సుద్దముక్కతో రాయమని అక్కలు అడగాలి. ఎండాకాలం సెలవుల్లో నీళ్లు ఎవరు పోయాలన్నదీ ఇప్పుడే తేల్చుకోవాలి, లేకపోతే జూన్ నాటికి మేకలకు మేతే.

మా బడిలో ఈ ఆదివారం కంప కొడుతున్నం. గడ్డపారలు రెండే ఉన్నయి, ఇంకో మూడు కావాలి. సొర విత్తనాలు, నాటు చిక్కుడు గింజలు ఎవరింట్లో ఉన్నయో పోయేముందు చెప్పి పోండి.