ఎన్ని తలుపులు తట్టాలి?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

పిల్లల చదువుల సంగతి వచ్చేసరికి మన ఆడవాళ్ళం ఎన్నో లెక్కలు వేస్తాం. ఫీజు ఎంత, హాస్టలు ఎంత, ఏ నగ తాకట్టు పెట్టాలి అని రాత్రిళ్ళు నిద్ర మానుకుని మరీ వేస్తాం. కాని ఒక లెక్క మాత్రం సరిగ్గా వెయ్యం. అసలు ఎన్ని కాలేజీలకి దరఖాస్తు పెట్టాలి అన్న లెక్క. అది పిల్లలే చూసుకుంటారులే అని ఊరుకుంటాం, లేకపోతే ఎవరో ఒక అంకె చెప్తే దాన్నే ఖాయం చేసేస్తాం. ఆ పొరపాటు నేనూ చేశాను. దానివల్ల మా చెల్లెలి కూతురికి ఒక ఏడాది పోయింది. ఆ సంగతే ఈరోజు మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా చెల్లెలు పాతికేళ్ళుగా అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటోంది. పిల్ల అక్కడే పుట్టి పెరిగింది. ఆ పిల్ల ఎన్నుకున్న చదువు ఆక్యుపేషనల్ థెరపీ. పేరు వింటే ఉద్యోగాలిప్పించే చదువేమో అనిపిస్తుంది కదూ? నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాటకి అర్థం నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

2019 వేసవిలో మా అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిల్ల అప్పుడు సెలవులకి వచ్చి విజయవాడలో మా దగ్గరే ఉంది. ఇంటికి ఒక థెరపిస్టు వచ్చేది. ఆవిడ చెయ్యి పైకీ కిందకీ ఆడించి ఊరుకోలేదు. చిక్కుడుకాయలు ముందు పోసి అమ్మచేత ఈనెలు తీయించేది. ఎడమచేత్తో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, కుర్చీలో కూచునే చీర కుచ్చిళ్ళు పోసుకోవడం నేర్పింది. కంచం జరిగిపోకుండా కింద తడిగుడ్డ వేసి, అంచు ఎత్తుగా ఉన్న కంచంలో అన్నం కలుపుకోమనేది. రెండు నెలలు తిరిగేసరికి ఒకనాటి ఉదయం అమ్మ తన చీర తనే కట్టుకుని దేవుడి గదిలోకి వచ్చింది. కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అయితేనేం, మేమెవ్వరం కట్టలేదు కదా! పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడి చూసి, "పెద్దమ్మా, నేను ఈ పనే నేర్చుకుంటాను" అంది.

అదీ ఆక్యుపేషన్ అంటే. మనిషి పొద్దున లేచిన దగ్గరనుంచి తన చేతులతో తాను చేసుకునే పనులన్నమాట. ఈ విద్యకోసం అమెరికాలో 1917లో, న్యూయార్కు రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో కొద్దిమంది కూడి ఒక సంఘం పెట్టారు. మన దేశానికి దీన్ని తెచ్చినది ఒక ఇల్లాలు. అమెరికాలో పుట్టి మహారాష్ట్ర కుటుంబానికి కోడలై వచ్చిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఈ విద్యకి బడి పెట్టించారు. ఆసియాలో అదే మొదటిదని చెబుతారు.

ఇక దరఖాస్తుల సంగతికి వద్దాం. అమెరికాలో ఈ వృత్తిలోకి రావాలంటే డిగ్రీ తర్వాత మరో చదువు చదవాలి. 2007నుంచి అక్కడ అదే నియమం. మాస్టర్స్ అయినా చెయ్యవచ్చు, డాక్టరేటు అయినా చెయ్యవచ్చు. అందుచేత పిల్లలు డిగ్రీ చివరి సంవత్సరంలో ఈ కాలేజీల తలుపులు తట్టడం మొదలుపెడతారు.

2023లో పిల్ల నాకు ఫోను చేసి, "పెద్దమ్మా, ఎన్నింటికి పెట్టమంటావు?" అని అడిగింది. నేను క్షణం ఆలోచించలేదు. "నీకేమమ్మా, మంచి మార్కులు. రెండు చాలు. పదిచోట్ల పెడితే మన మీద మనకే నమ్మకం లేనట్టుంటుంది" అన్నాను. మా చెల్లెలూ సరేనంది. నిజం చెప్పొద్దూ, మా ఇద్దరి మనసుల్లోనూ ఉన్నది వేరు. పదిచోట్ల పెట్టి పదిచోట్లా రాకపోతే నలుగురిలో ఏమని చెప్పుకుంటాం అని! పిల్ల పెద్దపేరున్న కాలేజీలు రెండు చూసుకుని పెట్టింది. రెండూ రాలేదు.

ఆ ఏడాదంతా పిల్ల ఒక పునరావాస ఆస్పత్రిలో సహాయకురాలిగా పనిచేసింది. మా చెల్లెలు ఫోను తియ్యడం మానేసింది. ఎవరు పలకరించినా "అమ్మాయికి సీటు వచ్చిందా?" అనేకదా అడుగుతారు! ఆ అడిగేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

మరుసటి ఏడు మా మరిదిగారు రంగంలోకి దిగారు. పద్ధెనిమిది కాలేజీల జాబితా తయారుచేశారు. అన్నిటికీ పెడితే ఒకటైనా తగలదా అని ఆయన ధోరణి. చెల్లెలేమో మళ్ళీ ఆ పరాభవం వద్దంటుంది. పిల్ల నాకు ఫోను చేసి ఏడ్చేసింది. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మొదటి ఏడు రెండు అన్నది మా గర్వం. ఈ ఏడు పద్ధెనిమిది అన్నది వాళ్ళ నాన్న భయం. ఈ రెండు అంకెల్లోనూ పిల్ల ఎక్కడుంది?

ఈసారి నేను అంకె చెప్పలేదు. "ఒక కాగితం తీసుకో తల్లీ. పద్ధెనిమిది పేర్లూ రాసి, పక్కన నాలుగు గళ్ళు గియ్యి" అన్నాను.

మొదటి గడి గుర్తింపు. అక్కడ ఈ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంస్థని ఎకోట్ అంటారు. ఆ గుర్తింపు లేని చోట చదివితే చివర ఎన్.బి.సి.ఓ.టి. అనే జాతీయ పరీక్షకి కూర్చోనివ్వరు, అది పాసుకాకపోతే లైసెన్సు రాదు. కొత్తగా పెట్టిన కాలేజీ అయితే గుర్తింపు ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోవాలి. ఏ కాలేజీనుంచి ఎంతమంది ఆ పరీక్ష పాసయ్యారో కూడా వాళ్ళే వెల్లడిస్తారు, చూసుకోవచ్చు. ఈ గడిలో మా జాబితా అంతా నిలిచింది.

రెండో గడి ముందుగా చదివి ఉండవలసిన పాఠాలు. శరీర నిర్మాణ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, స్టాటిస్టిక్స్ దాదాపు అందరూ అడుగుతారు. కొందరు సమాజ శాస్త్రం కూడా ఉండాలంటారు. థెరపిస్టు పనిచేస్తుంటే పక్కనుండి చూసిన గంటల లెక్క కొందరికి కావాలి. ఒకచోట సరిపోయినది మరోచోట సరిపోదు. ఈ గడి నింపితే మూడు కాలేజీలు ఎగిరిపోయాయి. పిల్ల చదవని పాఠం వాళ్ళకి కావాలి. నింపకుండానే పెట్టి ఉంటే ఆ మూడు ఫీజులూ గోదాట్లో పోసినట్టే.

మూడో గడి డబ్బు. ఏడాది ఫీజు చూసి మోసపోకండి. చదువు పూర్తయ్యేదాకా మొత్తం ఎంతో వెయ్యాలి. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తక్కువ పడుతుంది, ప్రైవేటులో చాలా ఎక్కువ. పైగా ఈ చదువులో కనీసం 24 వారాలు పూర్తికాలం ఆస్పత్రుల్లో, బడుల్లో శిక్షణ పొందాలి. ఆ రోజుల్లో వేరే ఉద్యోగం చేసుకోవడం కష్టం. డాక్టరేటు తీసుకుంటే దానిమీద మరో 14 వారాలు ప్రత్యేకమైన పని ఉంటుంది. రెండింటికీ చివర రాసే పరీక్ష ఒకటే, వచ్చే లైసెన్సూ ఒకటే. కాబట్టి డాక్టరేటు ఎందుకు కావాలో పిల్లే చెప్పగలగాలి. అప్పుల సంగతీ మారింది. అక్కడి ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే అప్పు 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఉండదని 2025లో చట్టం చేశారు. కనుక ఇకమీదట ఈ గడి మరీ జాగ్రత్తగా నింపాలి. మా లెక్కలో ఇక్కడ నాలుగు పోయాయి.

నాలుగో గడిలో ఒకే ప్రశ్న. "రేపు ఉత్తరం వచ్చి, సీటు ఇక్కడ ఒక్కచోటే వచ్చిందనుకో. వెళ్తావా?" మనం పిల్లనివ్వని ఇంటివాళ్ళని పెళ్ళిచూపులకి పిలుస్తామా? దరఖాస్తూ అంతే. ఈ ప్రశ్నకి పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా నాలుగు పేర్లు కొట్టేసింది. "ఇవి నాన్నకోసం రాసినవి" అంది.

పద్ధెనిమిదిలో మిగిలినవి ఏడు.

ఆ ఏడింటినీ మూడు కుప్పలు చేయించాను. అంతకుముందు ఏడాది ఆయా కాలేజీల్లో చేరినవారి సగటు మార్కులు చాలాచోట్ల ప్రకటిస్తారు. పిల్ల మార్కులకన్నా పైన ఉన్నవి ఆశ, సమానంగా ఉన్నవి సరి, కింద ఉన్నవి భరోసా. ఆశ రెండు, సరి మూడు, భరోసా రెండు అయ్యాయి. మొదటి ఏడు పెట్టిన రెండూ ఏ కుప్పలోవో ఇప్పుడు చెప్పక్కర్లేదు కదా!

"ఏడు ఎందుకు, మూడు కుప్పలకీ మూడు చాలవా?" అని మా చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్నే. అక్కడ చాలా కాలేజీలకి కలిపి ఒకే దరఖాస్తు పద్ధతి ఉంది, ఓటీకాస్ అంటారు. మార్కుల పత్రాలు, సిఫారసు ఉత్తరాలు, తన గురించి తాను రాసుకునే వ్యాసం ఒక్కసారి ఇస్తే అన్నిటికీ వెళతాయి. మొదటి కాలేజీకి ఫీజు ఎక్కువ, తర్వాతివాటికి ఒక్కొక్కదానికి కొంచెం తక్కువ. అందుచేత పెంచుకుంటూ పోవడం సులువుగానే కనిపిస్తుంది. కాని కాలేజీల్లో కొన్ని విడిగా మరో ఫీజు తీసుకుంటాయి, విడిగా ప్రశ్నలూ వేస్తాయి. 'మా కాలేజీయే ఎందుకు?' అన్నదానికి పద్ధెనిమిది జవాబులు శ్రద్ధగా రాయగల పిల్ల ఎక్కడుంది చెప్పండి? పదోదాని దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలా ఉంటాయి. చదివేవాళ్ళకి అది తెలిసిపోతుంది. ఏడయితే ఒక్కొక్కదానికి నాలుగైదు రోజులు కూచుని రాయగలనని పిల్లే చెప్పింది. ఆ ఏడూ అలా కుదిరింది.

మరో చిన్న సంగతి. కొన్ని కాలేజీలు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు ఇస్తూ పోతాయి. అలాంటివాటికి గడువు ఆఖరు రోజుదాకా ఆగకూడదు. ఓటీకాస్‌లో ముందు నాలుగు పెట్టి, తర్వాత గడువు మిగిలినవాటిని చేర్చుకునే వీలుంది. కనుక అన్నీ ఒక్కనాడే పెట్టాలన్న కంగారు అక్కర్లేదు.

ఏమైందో వినండి. ఆశలో ఒకటి కాదంది, ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది. సరిలో రెండు ఇంటర్వ్యూకి పిలిచాయి, ఒకటి సీటు ఇచ్చింది. భరోసా అనుకున్న రెండింటిలో ఒకటి ఇచ్చింది, రెండోది కాదంది! మార్కులు ఎక్కువున్నంత మాత్రాన ఏ తలుపూ తెరిచే ఉండదని అప్పుడు తెలిసింది. అందుకే ఆ కుప్పలో ఒక్కటే ఉంచవద్దని చెబుతున్నాను. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే సొమ్ము తిరిగి రాదు, దానికీ గడువుంటుంది. వెయిటింగ్ లిస్టు వాళ్ళ జవాబుకోసం చూస్తూ కూచోకుండా, పిల్ల సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సొమ్ము కట్టేసి 2025లో చేరింది.

అయితే అందరూ ఏడే పెట్టాలని నేననను. పెళ్ళయి పిల్లలున్న అమ్మాయి ఊరు వదలలేదు. ఆమెకి ఆ చుట్టుపక్కల మూడే ఉంటే మూడే. కాకపోతే ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ పెడతానన్న ధైర్యం కూడా ఆ మూడింటితో కలిపి ఉంచుకోవాలి. మార్కులు కొంచెం తక్కువున్న అమ్మాయి పది పెట్టినా తప్పులేదు. కాని ఆ పదీ ఆశ కుప్పలోవే అయితే రెండు పెట్టినట్టే లెక్క.

ఇక్కడే మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చదివి అక్కడికి వెళ్ళాలనుకునే అమ్మాయిల లెక్క వేరు. ఇప్పటికే థెరపిస్టులైనవారికి ఉద్దేశించిన కోర్సులు వేరుగా ఉంటాయి. బయటి దేశాల్లో చదివినవారి అర్హతని ఎన్.బి.సి.ఓ.టి. వారు ముందు పరిశీలిస్తారు. ఆ నియమాలు చదువుకున్న తర్వాతే కాలేజీల పేర్లు రాసుకోవాలి. ఆ నాలుగు గళ్ళూ మాత్రం వారికీ పనికొస్తాయి.

సోదరీమణులారా, మీ అమ్మాయి వచ్చి "ఎన్నింటికి పెట్టనమ్మా?" అని అడిగినప్పుడు నాలాగా తొందరపడి అంకె చెప్పకండి. పక్కన కూచుని కాగితం మీద గళ్ళు గియ్యండి. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి మీరు మాట్లాడకండి, దాన్నే మాట్లాడనివ్వండి. మా చెల్లెలు ఈమధ్య ఫోనులో, "అక్కయ్యా, సీటు వచ్చినందుకన్నా ఆ కాగితం దగ్గర అది నాతో మళ్ళీ మాట్లాడినందుకే నాకు సంతోషం" అంది.