జ్వరం తగ్గింది, పేగు మానలేదు

(టైఫాయిడ్ రోగుల కుటుంబ సభ్యులతో వార్డు సిస్టరు చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో ఒళ్ళు తుడిచినవారే. నిద్రలేక కళ్ళు మండుతూ ఉంటాయి. అయినా ఒక పావుగంట నా మాట వినండి. ఈ వార్డులో రోజూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, జ్వరం తగ్గింది కదా, ఇంకా ఇంజక్షన్లు ఎందుకు? ఇంటికి పంపెయ్యరాదా?" అంటారు. ఖర్చవుతోందని, ఇంటి దగ్గర పిల్లలూ పశువులూ ఉన్నాయని మీ బాధ. అది నాకు తెలియనిది కాదు. కాని జ్వరం తగ్గిన రోజున పేగులో ఏం జరుగుతోందో మీ కళ్ళతో చూడగలిగితే మీరు ఆ ప్రశ్న అడగరు. అది కంటికి కనపడదు కాబట్టి మాటలతో చూపిస్తాను.

నర్సింగు చదివే రోజుల్లో మా ట్యూటరుగారు చిన్నపేగు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి చూపించారు. పేగంటే నున్నటి గొట్టమని అంతవరకూ అనుకున్నాను. చూస్తే లోపలంతా వరి నారుమడి! సన్నటి వేళ్ళలాంటివి ఒత్తుగా నిలబడి ఉన్నాయి. వాటిని చూషకాలు అంటారు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంటుంది. మనం తిన్న అన్నంలోని సారమంతా వీటి ద్వారానే రక్తంలోకి వెళుతుంది. ఒక్కో చూషకం మీద ఒకే ఒక్క వరుస కణాలు ఉంటాయి. మనం తిన్నదానికీ మన రక్తానికీ మధ్య ఉన్న గోడ అంతే, ఒక్క కణం మందం. పైన కాస్త జిగురు పొర కప్పి ఉంటుంది. ఈ కణాలు మూడు నుండి ఐదు రోజుల్లో రాలిపోతుంటే, చూషకాల మధ్య ఉన్న గుంతల్లో కొత్తవి పుట్టి పైకి వస్తుంటాయి. అందుకే మామూలు విరేచనాల వల్ల పేగు లోపలి పొర దెబ్బతిన్నా త్వరగానే బాగుపడుతుంది.

టైఫాయిడ్ అలాంటిది కాదు. చిన్నపేగు చివరి భాగంలో, పెద్దపేగులో కలిసే చోటికి దగ్గరగా, అక్కడక్కడ నారు లేని మడిలాంటి మచ్చలుంటాయి. పేయర్ అనే స్విట్జర్లాండు వైద్యుడు 1677లో వీటి గురించి వ్రాశాడు కాబట్టి పేయర్స్ ప్యాచెస్ అని పేరు వచ్చింది. ఇవి మన శరీరానికి చెక్‌పోస్టుల వంటివి. వీటి పైన ఉండే ప్రత్యేకమైన కణాలు పేగులో పోయేవాటిలో కొంచెం కొంచెం నమూనా తీసి, కింద కాపలా ఉన్న రక్షక కణాలకు అందిస్తుంటాయి. లోపలికి ఏ శత్రువు వచ్చిందో తెలుసుకోవడానికి దేహం చేసుకున్న ఏర్పాటు ఇది. టైఫాయిడ్ క్రిమి సరిగ్గా ఈ చెక్‌పోస్టు గుండానే దొంగతనంగా దాటుతుంది. నీళ్ళతోనో తిండితోనో కడుపులోకి వచ్చిన క్రిములు చాలావరకు జీర్ణాశయంలోని ఆమ్లానికి చచ్చిపోతాయి. మిగిలినవి ఇక్కడికి చేరతాయి. తనను మింగిన రక్షక కణంలోనే అది చావకుండా బ్రతికి, ఆ కణం మీదే సవారీ చేస్తూ కాలేయానికి, ప్లీహానికి, ఎముకల్లోని మూలుగకు వెళ్ళి అక్కడ పెరుగుతుంది. ఈ వారం, రెండు వారాలు మనిషికి ఏమీ తెలియదు. పొలం వెళతాడు, పెళ్ళిళ్ళకు వెళతాడు. తర్వాత క్రిములు రక్తంలో పడతాయి. అప్పుడు మెట్లెక్కినట్టు రోజురోజుకీ జ్వరం పెరుగుతుంది.

రక్తంలోంచి కొన్ని పిత్తాశయంలో చేరతాయి. పిత్తరసంతో కలిసి మళ్ళీ పేగులోకి దిగుతాయి. అంటే అవే మచ్చల మీద రెండోసారి దాడి అన్నమాట. ఈసారి అక్కడి కణాలు ముందే రెచ్చిపోయి ఉన్నాయి కాబట్టి మచ్చలు వాచి ఉబ్బుతాయి, పై భాగం చచ్చి ఊడిపోతుంది, పుండు పడుతుంది. పుండు పైపొరతో ఆగితే ఫరవాలేదు. కండపొర దాకా దిగితే పేగు గోడ కాగితంలా పలచబడుతుంది. రక్తనాళం తెగితే రక్తస్రావం, గోడ తెగితే చిల్లు. ఇది ఎక్కువగా మూడో వారంలో జరుగుతుంది. సరైన మందు పడకపోతే ఈ ప్రమాదం పెరుగుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రవాడు వచ్చాడు. పందొమ్మిదేళ్ళుంటాయి. ఊళ్ళో వైద్యం మొదలుపెట్టిన ఐదో రోజుకు జ్వరం తగ్గిందని మందు ఆపేశారు. పది రోజులకు జ్వరం మళ్ళీ తిరగబెడితే మా దగ్గరకు తెచ్చారు. రెండో రాత్రి డ్యూటీ నాది. పదింటికి 103 ఉన్న జ్వరం ఒంటిగంటకు 97కు దిగింది. వాళ్ళమ్మ సంతోషపడింది. నేనూ సంతోషపడి చార్టులో వ్రాసుకున్నాను. నాడి 130 ఉంది, అదీ వ్రాశాను. కాని ఆ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు. టైఫాయిడ్‌లో జ్వరం ఎక్కువున్నా నాడి అంత వేగంగా ఉండకపోవడం తరచుగా చూస్తాం. జ్వరం ఒక్కసారిగా పడిపోయి నాడి పరుగెడుతోందంటే లోపల ఏదో తెగిందని అర్థం. నాకు పాఠంలో చెప్పారు, ఆ రాత్రి గుర్తు రాలేదు. గంట తర్వాత రౌండుకు వచ్చిన పెద్ద సిస్టరుగారు కుర్రవాడి నుదుటి మీద చల్లటి చెమట చూసి దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి వేశారు. చెక్కలా ఉంది. ఆవిడ డాక్టరుగారి కోసం పరుగెత్తడం నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఎక్స్‌రేలో పేగులోంచి బయటపడిన గాలి కాలేయం పైన చేరి కనిపించింది. తెల్లవారకముందే ఆపరేషన్ చేశారు. చిల్లు ఎంతో తెలుసా? కందిపప్పు బద్దంత. అబ్బాయి బ్రతికాడు, కాని నెలరోజులు మంచం మీద ఉన్నాడు. పొలం పత్రాలు తాకట్టు పెట్టామని వాళ్ళమ్మ నాతో చెప్పింది.

అందుచేత మంచం దగ్గర కూర్చున్నవారు మీరు కాబట్టి చెబుతున్నాను. హఠాత్తుగా పొట్టనొప్పి, పొట్ట బిగిసిపోవడం, తారులా నల్లటి విరేచనం లేక రక్తం, చల్లటి చెమట, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఎంత రాత్రయినా మమ్మల్ని లేపండి. సోడా తాగించవద్దు, ఆముదం రాసి పొట్ట రుద్దవద్దు, ఎనీమా మాట ఎత్తవద్దు. మాకు విసుగని మొహమాటపడకండి.

మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగడానికి నాలుగు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజుకే మందు పనిచేయలేదని ఆసుపత్రి మారిపోతుంటారు. కాస్త ఓపిక పట్టండి. జ్వరం దిగినా క్రిములు మూలుగలో, పిత్తాశయంలో దాగి ఉంటాయి. వాటి కోసమే ఏడు నుండి పద్నాలుగు రోజుల కోర్సు, మందును బట్టి. పుండు మాత్రం మందుతో ఆ రోజే మానదు, దానికి వారాలు పడుతుంది. ఇంకో సంగతి. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు టైఫాయిడ్ పీడ విరగడైందని లోకం అనుకుంది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. తర్వాత వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ కూడా మన దేశంలో చాలావరకు పనిచేయడం మానేసింది. సగం సగం కోర్సులు, చీటీ లేకుండా దుకాణంలో కొన్న మాత్రలు ఇందుకు చాలావరకు కారణం. ఇప్పుడు చేతిలో ఉన్న మందులు బహు కొద్ది.

విడాల్ టెస్టు గురించి కూడా చెప్పాలి. 1896 నాటి పరీక్ష అది. తగ్గి నెలలైనా పాజిటివ్ రావచ్చు, ఇతర జ్వరాల్లోనూ రావచ్చు. "విడాల్ మళ్ళీ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ పోలేదు" అని కంగారుపడి వచ్చేవారు ఎందరో. యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీసి కల్చర్‌కు పంపడం మేలు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అయినా ఏ మందుకు లొంగుతుందో చెప్పేది అదే.

లంఖణం పరమౌషధం అంటారు మన పెద్దలు. టైఫాయిడ్‌కు అది వద్దు. మూడు వారాల జ్వరంలో కరిగిపోయిన మనిషికి పుండు మానాలంటే తిండి కావాలి. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, గుడ్డు, మజ్జిగ, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టండి. పచ్చళ్ళు, కారాలు, పీచు ఎక్కువున్న కూరలు కొన్నాళ్ళు ఆపండి.

మీ చేతుల సంగతి. బెడ్‌పాన్ తీసిన చేతితోనే మీ అన్నం డబ్బా తెరవడం నేను చూశాను. సబ్బుతో, గోళ్ళ దాకా కడగండి. తాగే నీరు తెర్లే దాకా కాచండి. డబ్బాలో వచ్చే నీళ్ళన్నీ శుద్ధమైనవని నమ్మకండి. నూటికి ఇద్దరు ముగ్గురిలో రోగం తగ్గినా క్రిమి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి నివాసముంటుంది. అమెరికాలో మేరీ మాలన్ అనే వంటమనిషి తనకు ఏ జబ్బూ లేకుండానే తన వంటతో ఎందరికో టైఫాయిడ్ అంటించింది. 1907లో ఆమెను పట్టుకుని వేరుగా ఉంచారు. ఆమె 1938లో చనిపోయింది. మీ ఇంట్లో ఈ జబ్బు పడినవారు హోటల్లో గాని, హాస్టల్లో గాని వంట చేసేవారైతే సిగ్గుపడకుండా మాకు చెప్పండి. మల పరీక్షలు చేసి క్రిమి లేదని తేలాకే పొయ్యి దగ్గరకు వెళ్ళాలి.

ఇంట్లో పిల్లలుంటే టీకా గురించి డాక్టరుగారిని అడగండి. హైదరాబాదులో భారత్ బయోటెక్ వారు తయారు చేసిన టైఫాయిడ్ టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదిత జాబితాలో చేర్చింది. ఆరు నెలలు నిండిన బిడ్డకు వేయవచ్చు. టీకా వేయించినా నీళ్ళు కాచుకోవలసిందే.

ఎవరికైనా సందేహాలుంటే సాయంత్రం ఐదింటికి వార్డు మెట్ల దగ్గర ఉంటాను. మందుల చీటీ తెచ్చుకోండి, ఏ మాత్ర ఎన్ని రోజులో చీటీ మీదే తెలుగులో వ్రాసిస్తాను.