ఇంటి కాగితాలకు తాళం వేశామా?



ఈరోజు నేను చెప్పేది నా పొరపాటు గురించే. మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. గనిపని కోసం చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. 2001లో గనులు మూతపడ్డాయి. మా వీధివాళ్ల సర్వీసు కాగితాలు, కుల ధృవీకరణ పత్రాలు ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతుంటే, నేను వాటిని స్కాన్ చేసి ఇంటి కంప్యూటర్లో దాచాను. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టాను.

బెంగళూరు నుంచి కూడా వాటిని చూసుకోవాలని రౌటర్‌లో 3389 పోర్టు తెరిచాను. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్టు అది. పాస్‌వర్డ్ మా అమ్మ పేరు, పక్కన పుట్టిన సంవత్సరం.

ఒక ఆదివారం ఇంటికొచ్చి చూస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే విప్పుతామని ఒక నోటు. డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచాను కాబట్టి అందులోని కాపీ కూడా పోయింది.

"మన ఇంట్లో ఏముందని వస్తారు?" అంటారు. ఈ దొంగలు ఇంటిని చూసి రారు. తెరిచిన పోర్టుల కోసం ప్రోగ్రాములు రాత్రింబగళ్లు వెతుకుతుంటాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ స్టోరేజ్ పెట్టెల మీద పడి, 0.03 బిట్‌కాయిన్ చొప్పున అడిగింది. 2017 మే నెలలో వన్నాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. అప్‌డేట్ చేసుకోనివాళ్లు దొరికిపోయారు.

మరి ఏం చేయాలి?

మొదటిది, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో మీకు అక్కరలేనివన్నీ తీసేయండి. యూపీఎన్‌పీ ఆపేయండి. అది మనల్ని అడగకుండానే పోర్టులు తెరవనిస్తుంది.

రెండోది, దూరం నుంచి ఇంటి కంప్యూటర్ కావాలంటే వీపీఎన్ ద్వారానే రండి. వైర్‌గార్డ్ ఉచితం. టెయిల్‌స్కేల్ లాంటిదైతే రౌటర్‌లో పోర్టు తెరిచే పనే ఉండదు. ఆ ఖాతాకు రెండంచెల ధృవీకరణ తప్పనిసరి.

మూడోది, 3-2-1 పద్ధతి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. బ్యాకప్ అయిపోగానే డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. మరొకటి బంధువుల ఇంట్లో ఉంచండి. ఇతరుల కాగితాలు కాబట్టి దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి విడిగా దాచండి. క్లౌడ్ సింక్ ఒక్కటే చాలదు. ఇక్కడ పాడైన ఫైలు అక్కడా పాడవుతుంది.

నాలుగోది, నెలకోసారి ఒక ఫైలు బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నమ్మకండి.

నేను డబ్బు కట్టలేదు. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చి, మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది అసలు కాగితాలు తీసి ఇచ్చారు. ఒక పెద్దమ్మ దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు. "నీ దగ్గర ఉంది కదా అని పారేశాను నాయనా" అంది. ఆమె భర్త గనిలో పనిచేశాడని చూపే కాగితం అదొక్కటే.

మన చేతికి కాగితం ఇచ్చినవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చారు. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే రౌటర్ పేజీ తెరవండి, తగిలించి ఉన్న డిస్క్ ఊడదీయండి. మిగతావి రేపు చేద్దాం.

సెలవు.