మెదడులో పొగమసక

జపానులో, వేడి నూడిల్స్ ఊదుకొని తినుచున్న బాలునికి ఒక్కొక్కప్పుడు చేయి పట్టుదప్పును. కొంతసేపటికి మరల స్వాధీనమగును. ఊదగా ఊదగా రక్తములో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడు నాళములు కుంచించుకొనును. అవి అసలే ఇరుకైన బిడ్డకు అంతమాత్రము చాలును. వింతగా తోచినను, వైద్యునకు మొదట చెప్పవలసిన మాట ఇదియే.

మెదడుకు పోవు పెద్ద ధమనులు మూసుకొనిపోగా, సన్నని నాళములు అల్లుకొని ఆంజియోగ్రామ్‌లో పొగవలె కనిపించును. 1969లో సుజుకీ, తకాకు గార్లు ఆ పోలికతోనే ‘మొయమొయ’ యనిరి. 2011లో ఆర్‌ఎన్‌ఎఫ్213 జన్యువుతో సంబంధము తేలినది. అయినను ఆ మార్పు గలవారిలో అత్యధికులకు వ్యాధి రాదు. కన్నవారిని నిందించుట అన్యాయము.

మూతపడిన ధమనిని తెరచు మందు లేదు. తలచర్మపు ధమనిని పుర్రెలోనికి మళ్లించి మెదడు ధమనితో కుట్టుదురు. పిల్లలలో మెదడుపై పరచి విడిచినను, కొన్ని నెలలలో అచట క్రొత్త నాళములు పుట్టుకొనివచ్చును.